నడిరోడ్డు మీద బాపు పట్టిన పెళ్లికొడుకు

ఇప్పుడు బంద్ అంటే పిల్లలు సెల్‌ఫోన్ పట్టుకుని మంచమెక్కుతున్నారు గానీ, తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డు మీదికొచ్చిన ఆ రోజుల్లో బంద్ ఉన్ననాడే మాకు పని ఎక్కువ. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వంట, అక్కడే బంతి భోజనాలు, అక్కడే బతుకమ్మ, అక్కడే కబడ్డీ. ఆ కబడ్డీలో మా బాపు లేకపోతే కురవి రోడ్డు మీద బంద్ జరిగినట్టే కాదు. పొద్దున్నే మిర్చి తోటకు నీళ్లు పెట్టి, పగలంతా మార్కెట్‌లో బస్తాలు మోసి, ఇంటికొచ్చి మా ముగ్గురు అక్కచెల్లెళ్లకు తలకు నూనె రాసి జడలేసే మనిషి (అమ్మకు భుజం నొప్పి, బాపు జడ వేస్తే రెండు రోజులైనా ఊడేది కాదు). యాభై దాటినా లుంగీ ఎగ్గట్టి బరిలో నిలబడితే కుర్రాళ్లు తడబడేవారు. ఆయనకు మడమ దొరికిందంటే అవతలివాడి కూత అయిపోయినట్టే. అందుకే ఊళ్లో అందరూ ఆయనను ‘ఉడుం’ అనేవారు.

ఆ ఏడు నాకు మూడో సంబంధం వచ్చింది. మొదటి రెండింటినీ నన్ను ఉద్యోగం మానెయ్యమన్నందుకు బాపే వద్దన్నాడు. (ఉద్యోగమంటే ప్రైవేటు బడిలో రెండో తరగతి పంతులమ్మ, జీతం కంటే చాక్‌పీసు పొడి ఎక్కువొచ్చేది.) ఈ చిట్యాల పిల్లగాడు మాత్రం “నౌకరీ ఆమె ఇష్టం” అన్నాడని మధ్యవర్తి అయిన మా మేనమామ చెప్పాడు. ఆ ఒక్క మాటకే నేను అతని ఫోటోను తెలుగు వాచకంలో దాచుకుని, రెండో తరగతికి ఒకే పాఠం వారం రోజులు చెప్పాను. తలొంచుకుని నడవడం కూడా ప్రాక్టీసు చేసి రెండుసార్లు గడపకు గుద్దుకున్నాను. మిర్చి ఏరే పని తెమలక బాపు చిట్యాల వెళ్లి పిల్లవాణ్ని చూసి రాలేకపోయాడు. ఫోటోలో ఉన్నదేమో స్టూడియోవాళ్ల కోటు, టై.

పెళ్లిచూపులు సరిగ్గా రాస్తారోకో రోజునే పడ్డాయి. “ఇయ్యాలన్న ఇంట్ల ఉండవా? పిల్ల సంబంధం కన్న నీకు ఆటనే ఎక్కువైందా?” అని అమ్మ కోప్పడింది. “వాళ్లొచ్చేది ఒంటి గంటకు గద! ఒక్క ఆట ఆడి, గిట్ల పోయి గట్ల వస్త” అని బాపు వెళ్లిపోయాడు. చిట్యాలవాళ్లు బంద్‌కు భయపడి చీకటితోనే జీపులో బయల్దేరి, పదింటికే వచ్చి, సరిగ్గా బాపు ఆడుతున్న బరి ముందే ఆగిపోయారట. అవతలి జట్టుకు ఒకడు తక్కువయ్యాడు. బాపు నేరుగా జీపు దగ్గరికి పోయి, “తమ్మీ, ఊకె కూసోని ఏం జేస్తవ్? ఒక్కడు తక్కువైండు, రారాదు!” అన్నాడట. కాబోయే అల్లుడు ప్యాంటు మడిచి దిగాడు, కూతకొచ్చాడు, మడమ దొరికిపోయాడు. అతనూ తక్కువవాడేం కాదు, బాపును మూడు గజాలు ఈడ్చుకుపోయాడట. అయినా బాపు వదల్లేదు.

ఆట గెలిచిన ఆనందంలో బాపు చేలకు అడ్డం పడి ఇంటికొచ్చి, స్నానం చేసి, తెల్ల ధోతి కట్టి పెద్దమనిషిలా కుర్చీలో కూర్చున్నాడు. రోడ్డు వదిలాక జీపు వచ్చింది. పిల్లగాడు కుంటుకుంటూ దిగాడు. బాపు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పిల్లగాడు మాత్రం ఆయనను చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

ధోతిలో ఉన్న బాపును అతని తల్లి పోల్చుకోలేదు. కూర్చోవడంతోనే, “తొవ్వల ఒక ముసలోడు నా కొడుకు కాలు గుంజి పడేసిండు అన్నా! వాని చేతులిరుగ! ఎద్దు లెక్కున్నడు” అంది. బాపు చాలా బాధగా తలూపి, “అసొంటోళ్లను ఊర్లె ఉండనియ్యద్దు వదినె” అన్నాడు.

లోపల వంటింట్లో కథ వేరేగా ఉంది. “కుంటి పిల్లగాడు! ముసలోడని, ఆటని ఏందో కత చెప్తున్నరు. నా బిడ్డనియ్య!” అని అమ్మ పళ్లెం కింద పెట్టేసింది. చేతిలో చాయ్ కప్పులతో నాకు ఏడుపొచ్చింది. ఆ మాట విన్న బాపు ఇక ఆగలేకపోయాడు. అందరి ముందు లేచి నిలబడి, “పిల్లగాని కాలు బంగారమసొంటిది. గా ముసలోణ్ని నేనే” అన్నాడు.

ఎవరూ నమ్మలేదు. సంబంధం మీద ఆశతో అబద్ధమాడుతున్నాడని అమ్మ, మర్యాద కోసం అంటున్నాడని వాళ్లమ్మ. దాంతో బాపు ధోతి ఎగ్గట్టి, “అయితే సూడుండ్రి” అంటూ పక్కనే నిలబడి మిర్చి బజ్జీ తింటున్న మేనమామ మడమ పట్టాడు. మామ బజ్జీల పళ్లెంతో సహా చాప మీద పడ్డాడు. “గిదే పట్టు! గీయినే!” అని పిల్లగాడి తల్లి కేక పెట్టింది. వారం రోజులు ప్రాక్టీసు చేసిన సిగ్గంతా మరచిపోయి, గుమ్మంలో నిలబడి నేను పకపకా నవ్వాను. పిల్లగాడూ నవ్వాడు. ఆఖరికి అతని తల్లి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. (మామ మాత్రం నవ్వలేదు.)

వాళ్లు “మాకు ఇష్టమే” అని చెప్పి వెళ్లాక బాపు నన్ను పెరట్లోకి పిలిచి, “నీకు నచ్చిండా బిడ్డా? నువ్వు ఊ అంటెనే” అన్నాడు. నాకు గంపెడిష్టం. కానీ అప్పటికప్పుడు ఒప్పుకుంటే లోకువవుతానని బెట్టుచేసి, “కాలు వాపు తగ్గినాక చెప్త” అన్నాను. ఆ వారమంతా బాపు రోజుకు రెండుసార్లు చిట్యాలకు ఫోన్ చేసి, “వాపు ఎట్లున్నది తమ్మీ?” అని అడిగి, ఆ సంగతి నాకు చెప్పి, నా ముఖంకేసి చూసి, ఏమీ అడగకుండా పనికి పోయేవాడు.

బాపు పోయి రెండేళ్లయింది. ఈ కథ తలచుకున్నప్పుడల్లా మా ఆయనా నేనూ కడుపుబ్బ నవ్వుకుంటాం. అతని వాపు నాలుగో రోజుకే తీసిందట. నేను ఏడో రోజు దాకా ఊ అనలేదు. ఆ పెరట్లో నిలబడిన బెట్టుసరి పిల్ల ఇప్పుడు కనబడితే జడ పట్టి గుంజి, “చెప్పవే, బాపు నిద్రపోక వారమైంది” అందామనిపిస్తుంది.