తినొచ్చి చెప్పక్కా

ఆ పొద్దున ప్రార్థన ముగించుకొని, ఉతికిన బట్టలు ఆరేసి, చేతిసంచి తీసుకొని బయలుదేరినాను. కర్నూలు పాతబస్తీలో ఎండ అప్పటికే గోడలెక్కింది. నీళ్ళ ట్యాంకు వెనక సందులో ఎవరో ఒకామె కొత్తగా ఉగ్గాని బండి పెట్టిందని మా తమ్ముడి చెవిన పడింది. "పోయి తినొచ్చి చెప్పక్కా" అని ముందురోజు సాయంత్రమే నాకు పని పెట్టినాడు.

బండి దగ్గర నలుగురైదుగురు నిలబడి తింటున్నారు. ఆమె నానిన బొరుగులను గుప్పిళ్ళతో గట్టిగా పిండి, తిరగవాతలో వేసి కలుపుతోంది. పైన పప్పుల పొడి చల్లింది. పక్క బాణలిలో మిరపకాయ బజ్జీలు తేలుతున్నాయి.

"బజ్జీ కారముంటాదమ్మా, ఓర్చుకుంటావా?" అని అడిగింది.

ఓర్చుకుంటానన్నాను. ప్లేటు చేతిలోకి తీసుకొని, కండ్లు మూసి మనసులో స్తోత్రం చెప్పుకొని, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఫోను మోగింది. తమ్ముడి కూతురు.

"అత్తా, నాయన పోయినాడత్తా" అనింది.

ప్లేటు బండి అంచున పెట్టినాను. బండామె నా మొగం చూసి గరిటె ఆపింది. నీళ్ళ చెంబు అందించింది. చెయ్యి కడుక్కొని ఆటో ఎక్కినాను.

మా తమ్ముడు కర్నూలు కడప బస్సులో కండక్టరుగా పనిచేసినాడు. ఆ దారిన తిరిగినవాళ్ళు మీలో ఉంటే గుర్తుపట్టే ఉంటారు. గొంతు పెద్దది. నవ్వు ఇంకా పెద్దది. టికెట్టు ఇస్తా ఇస్తా మధ్యలో ఆగి, హోటళ్ళ గురించి మాట్లాడుతా నిలబడేవాడు. ఒకసారి నేను కడపలో ఉండే మా చెల్లెలి ఇంటికి ఆ బస్సులోనే పోయినాను. ముందు సీట్లో కూర్చున్నాను. ఒడిలో చిత్రాన్నం క్యారియరు. "మా అక్కను చూడండప్పా, కడపలో కరువొచ్చినట్టు ఇల్లు మూటగట్టుకొని వస్తాండాది" అని బస్సంతా వినేటట్టు అన్నాడు.

అప్పుడే ఒక పెద్దాయన అడిగినాడు: "ఏమప్పా కండక్టరూ, కడపలో దిగినాక యాడ తినల్ల?"

"నీ వెంట ఎవరుండారు పెద్దాయనా?"

"మా ఆడమనిషి."

"ఆయమ్మకు నోట్లో పండ్లుండాయా? ఉంటే ఒక హోటలు, లేకుంటే ఇంకొక హోటలు."

పెద్దాయన భార్యవైపు తిరిగినాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఉండేవి ఉండాయిలే, సంగటికి సరిపోతాయి" అనింది. బస్సు నవ్వింది. తమ్ముడు ఒక హోటలు గుర్తులు చెప్పినాడు. పేరు చెప్పడు, గుర్తులే చెప్తాడు. వేపచెట్టు, పక్కన సైకిలు షాపు, లోపల నాలుగే బల్లలు.

వెనక సీటు నుంచి ఒకాయన అందుకున్నాడు. "అది పాడైపోయినాదిలే అన్నా. వంటాయప్ప మారినాడు."

"ఎప్పుడు?"

"మొన్న పండక్కే."

తమ్ముడు టికెట్ల మిషను చంకన పెట్టుకొని కొంచెంసేపు ఊరికే నిలబడినాడు. చుట్టాల్లో ఎవరికో బాగలేదని విన్నట్టు. ఇంతలో ఆళ్ళగడ్డలో ఎక్కినామె, "మీరు చెప్పేవన్నీ మగోళ్ళు తినే తావులు. ఆడోళ్ళు కూచొని నాలుగు మెతుకులు తినే తావు యాడుండాదో చెప్పండప్పా" అని గదమాయించింది. తమ్ముడు ఆ మాట మరిచిపోలేదు. తర్వాత ఏ హోటలు గురించి చెప్పినా, ఆడవాళ్ళు కూర్చోవచ్చునా, చెయ్యి కడిగేచోట వెలుతురుందా అనేది కలిపి చెప్పేవాడు.

ఇంట్లో పెద్దదాన్ని నేను. హోటల్లో తినే అలవాటు నాకు లేదు. పొయ్యి ఉన్న ఇంట్లో పుట్టి బయట చెయ్యి చాపడమేమని మా నాయన అనేవాడు. తమ్ముడు ఆ మాట వింటూనే పెరిగి, ఆ మాటను దాటుకొని పోయినాడు. భోజనానికి ముందు ప్రార్థన చెయ్యరా అంటే, "తిననీయక్కా. చట్నీ ఎట్లుండాదో చూడకుండా ముందే స్తోత్రం చెప్తే అబద్ధమైపోదా?" అనేవాడు. తిన్నాక మాత్రం తప్పకుండా చెప్పేవాడు. చెయ్యి కడుక్కొని, నిలబడి, కండ్లు మూసుకొని. హోటల్లో నలుగురు చూసినా సరే.

ఆ తమ్ముడికే గొంతులో క్యాన్సరు గడ్డ లేచింది. ఆసుపత్రిలో కోసినారు, గడ్డను కాల్చే కరెంటు పెట్టినారు. మాట బొంగురుగా మిగిలింది. మింగడం పోయింది. కడుపుకు పైపు వేసి, అందులో నుంచి రాగిజావ పోసేవాళ్ళు.

ఇల్లంతా కలిసి ఒక పని చేసినాము, ప్రేమతోనే. ఆయనకు ఆశ పుట్టకూడదని వాసన వచ్చే వంట మానేసినాము. తిరగవాత లేదు, వేపుడు లేదు. ఎల్లిపాయ ఒలిచేది కూడా పక్కింట్లోనే. తమ్ముడి కోడలు తలుపు మూసుకొని తింటుంటే ఆయన మంచం మీద నుంచి చూసినాడట. మరుసటి ఆదివారం నేను చర్చి నుంచి నేరుగా పోతే, నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని అడిగినాడు.

"అక్కా, ఈ ఇంట్లో ఎవరు సచ్చిపోయినారు?"

"అవేం మాటలురా?"

"ఆదివారం మధ్యాన్నం. కూర వాసన లేదు. నేను పోయిన్యానేమో, మీరు నాకు చెప్పలేదేమో అనుకుంటి."

ఆ మధ్యాహ్నమే పొయ్యి మీద నూనె పెట్టించినాను. ఆవాలు చిటపటమన్నాయి. ఆయన కండ్లు మూసుకొని, ముక్కు ఎగబీల్చి, "కరివేపాకు వాడిపోయినాది" అన్నాడు.

నన్ను హోటళ్ళకు పంపడం అప్పటి నుంచే. తన కొడుకు పోతే ఫోటో తీసుకొని వస్తాడట, చెప్పడం రాదట. నేనైతే అబద్ధమాడనని నమ్మకం. మొదటిసారి రైలు గేటు దగ్గర దోశ తిని వచ్చినాను.

"ఎట్లుండాది?"

"బాగుండాది."

"బాగుండాదంటే?"

"బాగుండాదిరా."

"చర్చిలో ప్రకటనలు చదివినట్టు చెప్తాండావక్కా. దోశ బాగుండాది, ఆమేన్. అంచు చెప్పు. నడిమి చెప్పు. కారం ముందు తగిలిందా, మింగినాక తగిలిందా?"

నాకు తెలియలేదు. మరుసటి రోజు మళ్ళీ పోయి తిన్నాను. మాటలు తక్కువ మనిషిని. ఒక దోశను చెప్పడానికి నాకు లేని మాటలన్నీ వెతుక్కోవలసి వచ్చింది. ఆయన ఓర్పుగా నేర్పినాడు. "మొదటి ముద్ద ఆకలి తింటాది. రెండో ముద్ద నువ్వు తింటావు. ఆ రెండోదాని గురించి చెప్పు" అనేవాడు. నేను చెబుతుంటే ఆయన దవడ మెల్లగా కదిలేది.

చూడవచ్చినవాళ్ళను కూడా వదల్లేదు. బత్తాయిలు తెచ్చి, మొగం దిగాలుగా పెట్టుకొని కూర్చున్నవాళ్ళను, "అది సరే గానీ, వచ్చేటప్పుడు యాడ తిన్న్యారు?" అని అడిగేవాడు. బేతంచెర్ల నుంచి వచ్చిన పాత డ్రైవరు బండల లారీలు నిలిచే చోట తలకాయ కూర గురించి చెప్పినాడు. అది విని ఎదురింటాయన, "అంతకన్నా బాగుండేది నంద్యాల దారిలో ఇంకొకటుండాది" అన్నాడు. ఇద్దరూ మంచానికి అటొకరు ఇటొకరు కూర్చొని పోట్లాడినారు. తమ్ముడు తీర్పరి. కడప నుంచి మా చెల్లెలు ఫోనులో కేకలు: "మీ కర్నూలోళ్ళకు దోశ తెలుసా అసలు? ఎర్రకారం పూసిందే దోశ. మీది అట్టు!" పరామర్శకు వచ్చిన ఇంట్లో నవ్వులేమని సందులో అనుకున్నారు. అనుకోనీ అన్నాడు.

ఒక్క మనిషి మాత్రం ఆ నవ్వుల్లో కలవలేదు. మరదలు, తమ్ముడి భార్య. ఆయనకు పైపులో జావ పోసినాక, గిన్నెలో మిగిలిన జావ తాను తాగేది. అంతే. ఇంట్లో ఏం వండినా ముట్టలేదు. ఒట్టు పెట్టుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. ఊరికే మానుకుంది. మనిషి సగమైంది.

తమ్ముడు ఒకరోజు ఆమెను నా వెంట పంపినాడు. "మా అక్క చెప్పింది చాలు. ఈసారి నువ్వు తినొచ్చి చెప్పు" అన్నాడు. ఇద్దరమూ ఒక హోటలుకు పోయి మూలబల్ల దగ్గర కూర్చున్నాము. కారం దోశ వచ్చింది. ఆమె అంచు తుంచింది. చేతిలోనే పట్టుకుంది.

"ఆయనకు ఆ పైపులో పోస్తాంటే, నా గొంతులో ఇది ఎట్ల దిగుతాది వదినా" అని, తన ప్లేటు నా వైపు జరిపింది. నేను బలవంతం చేయలేదు.

ఇంటికి రాగానే ఆయన అడిగినాడు. ఆమె గబగబా చెప్పింది. "అంచు కరకర, నడిమి మెత్తన. కారం మింగినాక తగిలింది."

"చట్నీలో ఎల్లిపాయ వేసినారా, అల్లమా?"

ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది. ఆయన నా వైపు చూసినాడు. నేను కిటికీ వైపు చూసినాను. మొదట నవ్వినాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె నీళ్ళకు పోయినప్పుడు నన్ను పిలిచినాడు. "అక్కా, నువ్వు నా కోసం తింటాండావు. ఆమె నా కోసం మానుకుండాది. నేను పోతే నీ పని నిలిచిపోతాది. ఆమె పని నిలవదు. ఆ జావ గిన్నె వదలదు. నువ్వే వదిలించల్ల."

సరే అన్నాను. రోజూ ప్రార్థనలో ఆ మాట పెట్టుకున్నాను. ఎట్లా వదిలించాలో మాత్రం తెలియలేదు.

తమ్ముడిని పూడ్చి సమాధుల తోట నుంచి వచ్చినాక బంధువులు తెచ్చిన అన్నం అందరమూ తిన్నాము. ఆమె లోపలికి పోయి జావ కాచుకుంది. మరుసటి రోజూ అంతే. పోసే మనిషి లేడు, జావ మాత్రం పొయ్యి మీదికి ఎక్కుతూనే ఉంది. చెల్లెలు బతిమాలింది. కూతురు ఏడ్చింది. చర్చి అయ్యగారు వాక్యం చెప్పినారు. ఆమె అందరికీ తల ఊపి, లోపలికి పోయి అదే గిన్నె తీసుకునేది.

పోయినాయన పేరున జరిపే ఆదరణ కూడికకు వంట సంగతి మాట్లాడుకోవాలని ఒక సాయంత్రం వసారాలో కూర్చున్నాము. చెల్లెలు కడప వంటాయనను పిలుద్దామంది. తమ్ముడి కూతురు ఒప్పుకోలేదు.

"కడపోళ్ళు కారం తప్ప ఇంకేం వేస్తారత్తా?"

"మీ కర్నూలోళ్ళు నూనె తప్ప ఏం వేస్తారు?"

ఆయన పోయినాక ఆ ఇంట్లో మొదటి నవ్వు అది. చివరికి తమ్ముడి కొడుకు, "రైలు గేటు దగ్గరుండే వంటాయననే పిలుద్దాం, దగ్గరవుతాడు" అన్నాడు.

"ఆయప్ప వద్దు."

గడపలో నుంచి మాట. అందరమూ తిరిగి చూసినాము. మరదలు తలుపుకు ఆనుకొని నిలబడి ఉంది. "పప్పు దాల్చా నీళ్ళమాదిరి చేస్తాడు. ఆయప్ప వండిన ఒక పెండ్లిలో మీ తమ్ముడు తిని చెప్పినాడు వదినా."

చెల్లెలు మెల్లగా అడిగింది: "అట్లయితే ఎవర్ని పిలవల్ల వదినా?"

ఆమె కొంచెం ఆలోచించింది. "ఆత్మకూరాయప్ప. మసాలా తక్కువేస్తాడు, మాంసాన్ని ఉడకనిస్తాడు. తొందరపడడు."

మా ఇండ్లల్లో పెద్ద వంటకు ఒక పద్ధతి ఉంది. వడ్డనకు ముందు ఇంటిమనిషి ఉప్పు చూడాలి. గరిటెతో అరచేతిలో వేయించుకొని, తిని, సరే అనాలి. అప్పుడే గిన్నెలు కదులుతాయి. మా నాయన తర్వాత ఆ పని నాది.

"ఈసారి ఉప్పు నువ్వు చూడమ్మా" అన్నాను.

"నేనా? నా నోరు జావకు అలవాటు పడిపోయినాది వదినా. నాకేం తెలుస్తాది?"

"తెలియకపోతే ఇంకొంచెం వేయించుకొని చూడు" అంది చెల్లెలు. "అప్పటికీ తెలియకపోతే ముక్క వేయించుకొని చూడు. వచ్చినోళ్ళంతా నీ కోసం కాచుకొని కూచుంటారు. మాకేం తొందర లేదు."

ఆ సాయంత్రం అట్లే నిశ్చయించినాము. వంటకు ఆత్మకూరాయన. అన్నం, మాంసం, దాల్చా, అంతకు మించి వద్దు. అయ్యగారి ప్రార్థన ముగిసినాక మరదలు పొయ్యి దగ్గరికి పోయి ఉప్పు చూడాలి. ఆమె సరే అనేదాకా ఒక్క విస్తరి కూడా పరచకూడదు.

మరదలు కుడిచెయ్యి తిప్పి అరచెయ్యి చూసుకుంది. కొంగుతో దాన్ని మెల్లగా తుడుచుకుంది.