దిమ్మిస కొట్టిన ఇసుక

పరీక్షా నివేదికలు రాసి రాసి నా తెలుగు బిగుసుకుపోయింది, పాఠకులు మన్నించగలరు. మాకు మట్టి పరీక్షలు నేర్పిన పెద్దమేస్త్రి గత మంగళవారం కరీంనగర్‌లో కన్నుమూశారు. ఫోను వచ్చినప్పుడు నేను మెట్‌పల్లి దగ్గర ఒక పునాది గుంత పక్కన ఉన్నాను. "సరే" అన్నాను. తరువాతి రీడింగు సమయానికే రాశాను. దుఃఖం ఇంకా రాలేదు.

మా పని ఇది: పునాది లోతుకు గుంత తీసి, అడుగున ఇనుప పలక పరిచి, జాకీతో బరువు మోపుతూ, పలక ఎంత దిగిందో గేజిలో చూడటం. ఆయన బడి ముఖం చూడలేదు. రాత్రి కళాశాలలో పట్టా పొందిన నేను సంతకం చేసేవాణ్ణి. అది గర్వంగానే చెబుతున్నాను. ఆయన గుంతలోకి దిగేముందు చెప్పులు విప్పేవారు.

హుజూరాబాద్ వైపు ఒక బడికి పరీక్ష. ఇసుక నేల. గుంత అడుగు నున్నగా ఉండాలని నేను దిమ్మిస కొట్టించాను. పలక దాదాపు కదల్లేదు. నేను సంతోషించాను. ఆయన వంగి వేలితో గీరి చూశారు.

"సాబ్, గీడ దిమ్మిస కొట్టిచ్చినవా?"

"మట్టసంగ ఉండాలని."

"బడి మొత్తం కింద గిట్లనే కొట్టిస్తవా మరి?"

కాంట్రాక్టరు నవ్వాడు. "ఏంది మేస్త్రీ, ఇసుకకు జరం చూస్తున్నవా? వానలు మీదికొచ్చినయ్, కాయితం ఇయ్యుండ్రి."

"పిల్లలు కూసునే జాగ పటేలా. ఇంకో గుంత తీపియ్యి."

దిమ్మిస కొట్టని రెండో గుంతలో పలక బాగా దిగింది; నేల అసలు బలం అంతే. పునాదులు వెడల్పు చేశారు. మొదటి పరీక్ష ఎందుకు రద్దయిందో రాయాల్సిన చోట నేను "గేజి లోపం" అని రాశాను. గేజీలు చూసుకునేది ఆయనే. పై అధికారి ఆయన్ని అందరి ముందు తిట్టారు. ఆయన బయటికి వచ్చి, "చాయ్ తాగుదాం రా, సాబ్" అన్నారు. పదవీ విరమణ దాకా గేజీల పెట్టె మళ్లీ ఆయన చేతికి ఇవ్వలేదు. ఇవ్వమని నేనూ అడగలేదు.

అంత్యక్రియల్లో ఆయన కూతురు, "బాపు మీ గురించి మస్తు చెప్పేటోడు సార్" అన్నది. తల ఊపాను.

దీన్ని ముందుగా ఆమె చదవాలి. ఆ తరువాత మా కార్యాలయంలో ఎవరైనా ఆ పాత ఫైలు తీసి, "గేజి లోపం" అన్న పుట పక్కన దీన్ని కుట్టాలి. ఫైలు తెరిచినవారు రెండూ చదవాలి. రెండింటి కిందా సంతకం నాదే.