గొంతు నొప్పి అడిగే ఉద్యోగం

భీమవరం దగ్గర ఒక ఆసుపత్రిలో నా ఉద్యోగమల్లా ఒక ప్రశ్న అడగడం. ఆపరేషన్ అయినవారి దగ్గరకు సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి వెళ్లి, "గొంతులో నొప్పి ఉందా?" అని అడగాలి. సున్నా నుంచి పది దాకా వాళ్లు చెప్పిన అంకె వేసి, కింద సంతకం చేయాలి.

మత్తులో ఉన్న మనిషికి ఊపిరి ఆడేందుకు గొంతు లోపల, స్వరపేటిక పైన ఒక మెత్తటి మాస్క్ అమరుస్తారు. అందులో రెండు రకాలు. ఒకదాని అంచులో గాలి నింపాలి, రెండోదానికి అక్కర్లేదు. ఏది గొంతును తక్కువ బాధపెడుతుందో తేల్చడానికి మత్తు డాక్టరుగారు పరిశోధన చేస్తున్నారు. ఎవరికి ఏది పెట్టారో నాకు చెప్పరు. తెలిస్తే నేను అడిగే తీరు మారిపోతుందట.

మా పొలాలన్నీ చేతులు మారి రొయ్యల చెరువులైపోయాక, యాభై దాటిన వయసులో, ఎవరి ముందూ చేతులు కట్టుకోకుండా చేయగలిగిన పని ఇదొక్కటే దొరికింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచానికి రెండడుగుల దూరంలో నిటారుగా నిలబడి అడిగేవాణ్ణి. పక్కన చేరి పలకరించడం నాకు రాదు.

దాదాపు అందరిదీ ఒకటే జవాబు. "ఏం లేదండి. బాగానే ఉందండి."

"కాలమ్ నిండా సున్నాలే. ఏంటండి, మనవాళ్ల గొంతులు ఇనపవా?" అన్నారు డాక్టరుగారు ఒకరోజు, నవ్వుతూ.

"వాళ్లు చెప్పిందే రాశానండి," అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. నా సంతకం ఉన్న కాగితాన్ని అనుమానిస్తే నాకు నచ్చదు.

ఒక సాయంత్రం హెర్నియా ఆపరేషన్ అయిన ముసలాయన దగ్గరకు వెళ్లాను. ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసిన కుటుంబం వాళ్లది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. "ఏ నొప్పీ లేదు బాబుగారూ," అన్నాడు. సున్నా వేసి వరండాలోకి వచ్చాక కళ్లజోడు అతని మంచం పక్కనే మరిచిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి వెళితే కర్టెన్ అవతల అతని మాట బొంగురుగా వినిపించింది.

"నీళ్లు వద్దే. మింగుతుంటే చేపముల్లు దిగినట్టుంది."

"ఇప్పుడేగా ఆయన అడిగారు! నోరేమైంది నీకు?" అంది అతని భార్య.

"వాళ్ల తాతగారు గట్టు మీద నిలబడి పంటెలా ఉందిరా అంటే, దోమపోటొచ్చి చేను పోయినా బాగుందండీ అనేవాడు మా నాన్న. ఈయనా అచ్చం అలాగే నిలబడి అడుగుతున్నారు. నొప్పని ఎలా చెప్పనే?"

"భలే మర్యాదయ్యా! ఆ మర్యాదే మింగు, నీళ్లెందుకు?"

పక్క మంచం ఆయన నవ్వాడు. "ఆ అడిగేవారు ఎవరింటివారో మీ ఆయన చెప్పాడమ్మా. అప్పట్నుంచి నాకూ నొప్పి లేదు."

కళ్లజోడు తీసుకోకుండానే వచ్చేశాను.

ఇంటికి వెళ్లినా ఆ సున్నాలు వదల్లేదు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే, గొంతులు కోసే మాస్క్ కూడా నొప్పి లేనిదైపోతుంది, నా సంతకంతో. మర్నాడు పొద్దున, నా జీవితంలో మొదటిసారి, స్టూలు లాక్కుని ముసలాయన పక్కన కూర్చున్నాను.

"అయ్యో, మీరు దాని మీద కూర్చోవడమేంటండీ!" అంటూ కుట్లు పట్టుకుని లేవబోయాడు.

"నొప్పి ఉంటే ఉందని చెప్పు."

"లేదు బాబుగారూ. మీ మీద ఒట్టు."

నిలబడ్డా, కూర్చున్నా, నేను మా తాతగారి మనవణ్ణే. అంకె వేయకుండా లేచి, తిన్నగా డాక్టరుగారి గదికి వెళ్లి విన్నదంతా చెప్పాను. ఆవిడ వెంటనే ఒక నర్సును పంపారు. ఆ అమ్మాయి రెండు నిమిషాల్లో అంకె వేసిన కాగితంతో తిరిగొచ్చి, "ఏడట మేడమ్. నిన్న తొమ్మిదట," అంది.

డాక్టరుగారు నా కాగితాలన్నీ ఒక పక్కకు పెట్టారు.

"ఇప్పటిదాకా రాసినవేవీ పనికిరావండి. ఇకమీదట నర్సు అడుగుతుంది. అంకెలు కంప్యూటర్లో ఎక్కించే పని ఉంది, మీరు చేస్తానంటే. వెనక స్టోర్ రూమ్‌లో." ఒక కాగితం నా ముందుకు జరిపారు. "ఎందుకు పనికిరావో మాత్రం మీరే రాసివ్వాలి. పరిశోధనను చూసే కమిటీకి పంపాలి."

'రోగులు మొహమాటం వల్ల నిజం చెప్పలేదు' అని రాశాను. చదువుకుంటే బాగానే ఉంది. తప్పంతా వాళ్లదే.

డాక్టరుగారు అది చదివారు. నర్సు తెచ్చిన కాగితం దాని పక్కన పెట్టారు. ఏడు.

నా వాక్యం కొట్టేశాను. 'నేను అడిగాను కాబట్టి చెప్పలేదు' అని రాసి, కింద ఎప్పటిలాగే పూర్తి సంతకం చేశాను, ఇంటిపేరుతో సహా.