రంగు దిగని చర్మం

గాజుతొట్టిలోని ఆ ఆక్టోపస్‌ను చూస్తే సమ్మక్క ముక్కు మూసుకునేది. ఎముకలేని ఒళ్లు, అద్దానికి అంటుకుపోయే ఎనిమిది చేతులు, ఒంటినిండా జిగట. దేవుడు చేతులు కడుక్కోకుండానే దీన్ని చేశాడేమో అనుకునేది.

అయినా పని మానలేదు. ఊరు విడిచి వలస వచ్చి, పాండేసరలో రంగుల మిల్లులో ఏళ్ల తరబడి గుడ్డలు పిండి, వేళ్ల సందులు పగిలి చీము పట్టిన మనిషి. ఇక రంగునీళ్లలో చెయ్యి పెట్టావా, చేతులు దక్కవని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. వడోద్‌ బస్తీలో ఆమె పక్కింటి ముత్యం మేళాల్లో చేపల డేరా నడుపుతాడు. అక్కడ అద్దాలు తుడిచే పని దొరకడమే ఆమెకు గొప్ప.

జనం వచ్చేది ఆక్టోపస్ కోసమే. ముత్యం తాళంచెవితో గాజును టకటకా కొడితే అది బెదిరి ఎర్రబడేది, ఒంటిమీద మచ్చలు తేలేవి, మళ్లీ పాలిపోయేది. జనం ఈలలు వేసేవారు. దాని చర్మం కింద వేలకొద్దీ రంగుసంచులు ఉంటాయని, కండరాలు లాగితే విచ్చుకుంటాయని, వదిలితే ముడుచుకుంటాయని మైకులో హిందీ రికార్డు పొద్దస్తమానం వాగేది. సమ్మక్క నమ్మలేదు. మారే రంగు దిగే రంగేనని మిల్లులో నేర్చుకుంది మరి. ఒకరోజు తొట్టి మూత తీసి, రంగు దిగుతుందేమోనని మిల్లులో పరీక్ష చేసినట్టే తడి తెల్లగుడ్డతో దాని తల రుద్దింది. గుడ్డ తగిలినచోట నల్లమచ్చ విచ్చుకుంది. గుడ్డకు మాత్రం జిగట తప్ప ఏమీ అంటలేదు. సబ్బు అరిగేదాకా చేతులు కడుక్కుంది.

వారం తిరక్కముందే అది మూలకు చేరి, సున్నం కొట్టినట్టు తెల్లబడింది. గాజును ఎంత కొట్టినా రంగు మారలేదు. జనం తిట్టుకుంటూ వెళ్లిపోసాగారు. మధ్యాహ్నం ముత్యం ఒక పొట్లం తెచ్చాడు. విప్పకముందే సమ్మక్కకు వాసన తెలిసింది. మిల్లులో వాడే ఎర్రరంగు పొడి.

"జర నీళ్లల్ల కలుపు సమ్మక్కా. ఎంత కలపాల్నో నీకెర్కనే గద."

"చస్తది గద."

"చస్తే ఇంకోటి తెస్త. సముద్రం ఏడికి పోయింది?"

పళ్లికిలించాడు. ఆ నవ్వే అసలు అసహ్యంగా తోచింది ఆమెకు. ఇన్నాళ్లూ గాజు లోపలిదాన్ని చూసి ముక్కు మూసుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. పొట్లాన్ని బకెట్టు నీళ్లలో కుమ్మరించి అతని ముందుకు జరిపింది.

"ముందుగాల నీ చెయ్యి పెట్టు. పొద్దుగూకేదాంక తియ్యకు."

ముత్యం ఆమె పగిలిన వేళ్లను చూసి తన చేతులు జేబుల్లో దోపుకున్నాడు. రేపటినుంచి రావద్దన్నాడు. ఆమె అలాగే బయటికి నడిచింది.

సగం దారిలో టిఫిన్ డబ్బా గుర్తొచ్చి వెనక్కి వస్తే డేరాలో ఈలలు. ముత్యం ఆ బకెట్టే తొట్టిలో పోసేశాడు. ఎర్రటి నీళ్లలో ఆక్టోపస్ కదలకుండా తేలుతోంది. రంగు మారింది చూడండని అతను అరుస్తున్నాడు, జనం ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు. థూ, ఏం మనుషులు.

సమ్మక్క జనాన్ని తోసుకుని వెళ్లి, మూత తీసి, రెండు చేతులూ మోచేతులదాకా ముంచింది. పుండ్లు భగ్గుమన్నాయి. దాన్ని గుండెకు ఆనించుకుని ఎత్తింది. ఈసారి అసహ్యమనిపించలేదు. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఎర్రరంగు అంటిన రెండో చేతిని జనం ముందుకు చాపింది.

"సూడుండ్రి. రంగు దిగుతాంది. ఇది దాని రంగు గాదు."