అక్క మాటలు అమ్ముకున్న ఏళ్లు

మా అక్కకి కారంపూడిలో ఒక టైలరింగ్ షాపు ఉండేది. షాపంటే పెద్దదేం కాదు, ఎరువుల కొట్టు పక్కన షట్టరున్న ఒక గది. రెండు కుట్టు మిషన్లు, బట్ట కత్తిరించే బల్ల, గోడకి వాక్యం రాసిన చర్చి క్యాలెండరు. అక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది. పెళ్లయిన మూడేళ్లకే బావ వదిలేసి పోతే, ఒక మిషను కొనుక్కుని కుట్టడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లు కుట్టింది. నా డిగ్రీ చదువు కూడా ఆ మిషను మీదే సాగింది.

నేను దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీకి లారీలు తిప్పే కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటరు పని చేసేదాన్ని. రెండో కాన్పు తర్వాత నరసరావుపేట నుంచి రోజూ బస్సులో పోయి రావడం కుదరక మానేశాను. ఇంట్లో కూర్చుంటే ఏమీ తోచేది కాదు. మా ఆయన ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. ఆయన ఒక్కడి జీతం మీద నడవడం కష్టంగా ఉండేది.

అప్పట్లో ఫోను తెరిస్తే పాసివ్ ఇన్‌కమ్ గురించే వీడియోలు. ఒక వెబ్‌సైటు పెట్టుకో, ఏదో ఒక రకం వస్తువుల గురించి రాయి, కింద కొనుక్కునే లింకు ఇవ్వు. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే అమ్మిన కంపెనీ నీకు కమీషను ఇస్తుంది. ఒకసారి రాసి పెడితే ఏళ్ల తరబడి డబ్బు వస్తూనే ఉంటుంది. ఇదీ వాళ్లు చెప్పేది. నేను నమ్మాను. ముందు ఇయర్‌ఫోన్ల గురించి రాశాను, తర్వాత మిక్సీల గురించి. వాటిలో ఒక్కటీ నేను వాడింది లేదు, అక్కడా ఇక్కడా చదివి రాసినవే. ఐదు నెలలు గడిచినా సైటుకి ఎవరూ రాలేదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక అక్క దగ్గరికి వెళ్లాను. షాపులో ఒకామె కూర్చుని ఉంది. కొత్త మిషను కొన్నదట, కుట్టు తప్పుతోందట. అక్క ఆ మిషన్ని చూడనైనా లేదు. సూది ఎటు తిప్పి పెట్టావు, దారం ఎక్కడ కొన్నావు, బాబిను నిండా చుట్టావా అని మూడు ప్రశ్నలేసింది. "సూది తిరగేసి పెట్టావు తల్లీ. మిషనుకేం కాలా" అని పంపేసింది. ఆమె దిగులుగా వచ్చి తేలిగ్గా వెళ్లిపోయింది. నేను రాయాల్సింది ఇదేనని అప్పుడే అనిపించింది.

"అక్కా, నువ్వు చెప్పేవన్నీ సైట్లో పెడతా. చదివినోళ్లు మిషను కొంటే మనకి డబ్బులొస్తయి" అన్నాను.

"సలహా చెప్తే డబ్బులు ఎవురిస్తారే?"

"మిషను అమ్మినోళ్లు ఇస్తారు. ఒకసారి రాస్తే చాలు, నిద్రపోతున్నా వస్తయంట."

"మేలుకొని కుడితేనే రావట్లా. నిద్రపోతే ఎట్టొస్తయ్యే?" అని నవ్వింది. కానీ కాదనలేదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం కారంపూడి బస్సెక్కేదాన్ని. ఫోను రికార్డింగులో పెట్టి అక్క ముందు ఉంచేదాన్ని. ఆమె జాకెట్టుకి హుక్కులు కుడుతూ చెప్పేది. మొదటిసారి కొనేవాళ్లు ఏ మిషను కొనాలి, మోటారు ఎప్పుడు పెట్టించుకోవాలి, పాత మిషను కొనేటప్పుడు ఎక్కడెక్కడ చెయ్యి పెట్టి చూడాలి, వాన రోజుల్లో నూనె ఎందుకు ఎక్కువ వెయ్యాలి. ఇంటికొచ్చి అదంతా టైపు చేసేదాన్ని. సైటు మొదటి పేజీలో అక్క చేతుల ఫొటో పెట్టాను. ఎడమ చూపుడువేలి గోరు నిలువునా చీలి ఉంటుంది, చిన్నప్పుడు సూది దిగి. ముఖం పెట్టొద్దంది, అందుకని చేతులు.

జనం వచ్చారు. మొదట పదిమంది, తర్వాత వందలు. తెలుగులో కుట్టు మిషన్ల గురించి విడమరిచి చెప్పే సైటు అప్పటికి నాకైతే ఇంకోటి కనపడలేదు. ఒక ఏడాదికి, నేను ఫ్యాక్టరీ ఆఫీసులో తెచ్చుకున్న జీతమంత ఇంట్లోంచే రావడం మొదలైంది. అక్కకి సగం ఇవ్వబోతే తీసుకోలేదు. "పిల్లకి ఫీజు కట్టుకో. నాకు చేతులున్నయ్ గదా" అంది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

ఒక నెల కంపెనీ వాళ్లు కమీషను తగ్గించేశారు. వచ్చేది సగానికి పడిపోయింది. అదే సమయంలో, చేతిలో పట్టేంత ప్లాస్టిక్ కుట్టు మిషన్లు అమ్మేవాళ్ల దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. మా మిషను గురించి రాయండి, మామూలు కంటే నాలుగు రెట్లు కమీషను ఇస్తాం అని. ఒక మిషను కూడా కొరియర్లో పంపారు. దాన్ని అక్క దగ్గరికి పట్టుకెళ్లాను.

అక్క ఒంటి చేత్తో పైకెత్తి చూసింది. లైనింగు ముక్క రెండు మడతలు వేసి కుట్టబోయింది. జానెడు కూడా పోకముందే దారం తెగింది. మళ్లీ ఎక్కించి కుట్టింది, మళ్లీ తెగింది.

"పిల్లలు ఆడుకోడానికి పనికొచ్చిద్ది. దీని గురించి ఎవురికీ చెప్పమాక" అంది.

సరే అన్నాను. ఇంటికొచ్చి నాలుగు రోజులు ఆలోచించాను. ఐదో రోజు రాశాను.

"కారంపూడిలో ముప్పై ఏళ్లుగా కుడుతున్న మా అక్క ఈ మిషన్ని స్వయంగా కుట్టి చూసింది" అని మొదలుపెట్టాను. అందులో అబద్ధం లేదు. కుట్టి చూసి ఏమన్నదో మాత్రం రాయలేదు. ఇంట్లో కుట్టు నేర్చుకునే ఆడవాళ్లకి తక్కువలో వచ్చే మిషను అని రాశాను. పైన అక్క చేతుల ఫొటో పెట్టాను. పెద్దపిల్ల ఫీజు గడువు దగ్గర పడిందనీ, నేను రాయకపోతే ఇంకొకరు రాస్తారనీ చెప్పుకున్నాను. అవేవీ అసలు కారణాలు కావు. డబ్బు మీద ఆశ, అంతే. ఆ పేజీ నుంచి చానామంది కొన్నారు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. "రేపొకసారి రా" అని పెట్టేసింది. ఒంట్లో బాలేదేమో అనుకుని పొద్దున్నే వెళ్లాను. కత్తిరించే బల్ల మీద ఆ ప్లాస్టిక్ మిషను ఉంది. నేను తెచ్చింది కాదు, వేరేది.

"కూర్చో" అంది అక్క. "నిన్న వెల్దుర్తి అవతల్నుంచి ఒకామె వచ్చింది. మిరపకోతలకి పోయి పోయి నడుం పట్టేసిందంట. కూర్చుని చేసుకునే పని కావాలని, డ్వాక్రా డబ్బులతో దీన్ని కొన్నదంట. పదిహేను రోజులకే ఆగిపోయింది. అమ్మినోళ్లు ఫోను ఎత్తట్లేదంట. బస్టాండులో దిగి, ముప్పై ఏళ్లుగా కుట్టే అక్క ఎవురని మూడు షాపులు తిరిగి నా దగ్గరికొచ్చింది."

నేను ఆ మిషన్ని చేతిలోకి తీసుకున్నాను.

"ఫోను తీసి చూపించింది. నా చేతులేగా, గుర్తుపట్టనా. కింద రాసింది కూడా చదివా. రెండుసార్లు చదివా."

"అక్కా..."

"ఆమె నన్ను తిట్టలేదే. తిట్టినా బాగుండేది. నువ్వు చెప్పావని కొన్నానక్కా, నాకు కుట్టడం చేతగాలేదేమో ఒకసారి చూడు, అంది."

అప్పుడు చూశాను. గోడ పక్కన ఉండే రెండో మిషను లేదు. ఆడపిల్లలకి కుట్టు నేర్పడానికి వాడే మిషను అది. అక్క దాన్ని ఆటో ఎక్కించి ఆమెతో పంపేసింది.

"ఆ మిషను డబ్బులు నేనిస్తా" అన్నాను.

"ఇస్తే అయిపోయిద్దా?" అంది. గొంతు పెంచలేదు. "నా చేతుల ఫొటో తీసెయ్. నా ఊసు యాడుంటే అది తీసెయ్. మిగతాది నీ ఇష్టం."

తిరుగు బస్సులో కూర్చునే ఆ పేజీ తీసేశాను. ఇంటికొచ్చి ఫొటో తీసేశాను. 'మా అక్క' అన్న మాట ఉన్న చోటల్లా చెరిపేశాను. ఎంతమంది ఆ మిషను కొన్నారో లెక్క తెలుస్తుంది గానీ ఎవరు కొన్నారో తెలియదు. వాళ్లకి ఒక మాట చెప్పుకునే దారి కూడా లేదు.

అక్క మాట్లాడటం మానలేదు. పిల్లల గురించి అడిగేది, ఊరగాయ పంపేది. మిషన్ల గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఒకసారి మర్చిపోయి, కాజాలు కుట్టే మిషను గురించి ఏదో అడిగాను. "యాడన్నా చూసుకో" అని లోపలికి వెళ్లింది. మళ్లీ అడగలేదు. అప్పటిదాకా ఆమె చెప్పిన మాటల మీదే సైటు నడుస్తూ ఉంది. డబ్బు వస్తూ ఉంది. నేను తీసుకుంటూ ఉన్నాను.

రెండేళ్లకి అక్కకి కడుపులో నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని బిళ్లలు మింగుతూ కుట్టుకుంటూనే ఉంది. గుంటూరు తీసుకెళ్లేసరికి ఆలస్యమైందన్నారు. పిల్లల్ని మా అత్తకి అప్పగించి నేనే ఆసుపత్రిలో ఉన్నాను. చేతులు చిక్కిపోయి, మడత పెట్టిన గుడ్డల్లా దుప్పటి మీద ఉండేవి. ఒకరోజు సాయంత్రం, కొబ్బరినీళ్లు తాగిస్తూ ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, ఆ మిషను సంగతి... నన్ను క్షమించావా?"

గ్లాసు పక్కకి జరిపింది. "రోజూ ప్రార్థనలో అంటన్నా గదే, మా యెడల అపరాధము చేసినవారిని క్షమించినామని. అన్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తన్నావు" అంది.

క్షమించానని చెప్పిందో, క్షమించడానికి రోజూ తంటాలు పడుతున్నానని చెప్పిందో నాకు తెలియలేదు. ఇంకోసారి అడగడానికి ధైర్యం చాల్లేదు. ఆ నెలలోనే పోయింది.

సమాధి చేసిన వారానికి షాపు ఖాళీ చెయ్యడానికి వెళ్లాను. కత్తిరించి కుట్టకుండా మిగిలిన జాకెట్లు పదకొండు ఉన్నాయి. ఒక్కోదాన్ని కొలత జాకెట్టుతో కలిపి మూట కట్టి, పైన చీటీ గుచ్చి పెట్టింది. ఎవరివి వాళ్లకి ఇచ్చేశాను. పక్క వీధి పిన్ని ఒకామె మూట అందుకుని, "కత్తిరించే ఉన్నయ్ గదమ్మా. నువ్వు కుట్టియ్యరాదూ? ఆమె చెల్లెలివేగా" అంది. నాకు కుట్టు రాదని చెప్పాను. ఆమె నమ్మలేనట్టు చూసింది. కుట్టు మీద రెండొందల పేజీలు రాసిన నాకు, సూదిలో దారం ఎక్కించడం తప్ప ఏమీ రాదు.

అక్క పోయిన నెలలో కూడా డబ్బు వచ్చింది. ఎక్కడెక్కడో కొందరు ఆమె చెప్పినట్టే చూసుకుని మిషన్లు కొన్నారు. ఆ డబ్బు ముట్టుకోబుద్ధి కాలేదు. చర్చిలో కానుకగా వేశాను, దాంతో ఏమీ తేలికవలేదు. సైట్లో పేజీల కింద ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. మాచర్ల నుంచి ఒకమ్మాయి రాసింది, పాత మిషను ఇచ్చారండీ, కుడుతుంటే వెనక్కి పోతోంది, ఏం చెయ్యాలి అని. అక్కయితే చూడకుండానే చెప్పేది. నేను రెండు రోజులు ఆగి జవాబు రాశాను. "నాకు తెలియదమ్మా. ఇవన్నీ చెప్పింది మా అక్క. ఆమె ఇప్పుడు లేదు." 'మా అక్క' అన్న మాట ఆ సైట్లో మళ్లీ రాయడం అదే మొదటిసారి. వద్దన్న మాట మీరాను.

ఇప్పుడు ఆ సైటుకి పెద్దగా ఎవరూ రావడం లేదు. ఫోన్లో ఏదడిగినా పైనే కంప్యూటరు రాసిన జవాబు వచ్చేస్తోంది, కిందికి దిగి సైటు తెరిచే పని లేదు. ఒకసారి ఊరికే, కుట్టు మిషనుకి నూనె ఎప్పుడు వెయ్యాలి అని అడిగి చూశాను. "మనిషికి దాహమేసినట్టే మిషనుకీ వేస్తుంది, శబ్దం మారితే అడుగుతున్నట్టు" అని వచ్చింది. అది అక్క మాట, నా సైట్లోదే. ఎవరిదని లేదు. ఫోను పక్కన పెట్టేశాను.

సైటు పేరు రెన్యువల్ చెయ్యాలని మెయిల్ వస్తే, "ఏమీ రావట్లేదు గదా, వదిలెయ్" అన్నాడు మా ఆయన. నిజమే. కానీ వదిలేస్తే అక్క మాటలు ఇంకెక్కడా ఉండవు. రికార్డింగులు ఒక్కటీ మిగల్లేదు. ఫోన్లో జాగా చాలక, టైపు చెయ్యడం అయిపోగానే దేనికది చెరిపేసేదాన్ని. టైపు చేసేటప్పుడు కూడా, చదివేవాళ్లకి బాగుండదని ఆమె 'చానా'ని 'చాలా' చేశాను, 'యాడ'ని 'ఎక్కడ' చేశాను, మధ్యలో నన్ను తిట్టినవి, నవ్వినవి తీసేశాను.

అందుకని మధ్యాహ్నాలు, పిల్లలు బడికి వెళ్లాక, పెద్దపిల్ల పాత నోటుబుక్కు ఒకటి ముందేసుకుని సైట్లోని ఆ పేజీలు అందులోకి చేత్తో ఎక్కించుకుంటున్నాను. ఆమె ఎట్టా అన్నదో అట్టాగే రాద్దామని. కొన్ని వెంటనే వచ్చేస్తాయి. కొన్నిచోట్ల ఎంత తలుచుకున్నా నేను రాసిందే గుర్తొస్తోంది గానీ ఆమె గొంతు రావడం లేదు. అక్కడ ఖాళీ వదిలేసి, కింది లైనుకి పోతున్నాను.