రింగుల ప్యాకెట్ల నక్షత్రం

మా లాయరుగారి నల్లకోటును నేను ఇప్పటికి నాలుగుసార్లు వదులు చేశాను. గూడూరులో ఆయన ప్రాక్టీసు ఎంత పెరిగిందో తెలియదు గానీ, నడుము ఎంత పెరిగిందో మాత్రం అంగుళాలతో సహా చెప్పగలను. ఆయన భార్యది మా ఊరే, చిట్టమూరు మండలంలో సముద్రం వైపు. అత్తగారింటికి వచ్చినప్పుడల్లా కోటును సంచిలో పెట్టుకుని నా కుట్టుమిషన్ దగ్గరికి వస్తాడు. "ఈ బట్ట ఊరికే ముడుచుకుపోతుండాది అక్కా" అంటాడు. తప్పు బట్టదేనని నేనూ ఒప్పుకుంటాను. టైలరు వృత్తిలో ఆ మాత్రం మర్యాద తప్పదు.

మూడోసారి ఆయన వచ్చినప్పుడు నా పక్కన స్టూలు మీద మా అన్న కూతురు కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది. ఇరవై ఏళ్ళ పిల్ల. వాళ్ళ అమ్మానాన్నలిద్దరూ తెల్లారేసరికి రొయ్యల ప్లాంటుకు పోయేవాళ్ళు కాబట్టి చిన్నప్పటి నుంచి నా మిషన్ కిందే పెరిగింది. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో దానికి ఉద్యోగం వచ్చిందని అంతకు వారం ముందే ఊరంతా చెప్పుకున్నాం. కంపెనీ బస్సు ఎక్కి పోయేటప్పుడు వేసుకోవడానికి నేను రెండు చుడీదార్లు కుట్టి ఉంచాను. తీరా చేరబోయే ముందు అక్కడ రక్తం పరీక్ష చేశారు. షుగరు బాగా ఉంది, లివర్‌కు కొవ్వు పట్టింది, వైద్యం చేయించుకుని అదుపులోకి వచ్చాక రమ్మన్నారు. చుడీదార్లు మడత విప్పకుండా మేకుకు వేలాడుతున్నాయి.

"ఈ వయసులో షుగరేంది పాపా? ఏం తిన్నావు?" అన్నాడు లాయరుగారు, నేను ఆయన నడుముకు టేపు చుడుతుంటే.

"రింగులు సార్" అంది అది నవ్వుతూ.

రింగులంటే వేళ్ళకు తొడుక్కుని ఒక్కోటే కొరుక్కుతినే మసాలా గొట్టాలు. ఐదు రూపాయల ప్యాకెట్. ఏడేళ్ళ వయసు నుంచి పదమూడేళ్ళు వచ్చేదాకా అది అన్నం కంటే అవే ఎక్కువ తిన్నది. నెల్లూరులో చూసిన డాక్టరమ్మ కూడా అదే అడిగింది. ఇదొక్కటే కారణమని చెప్పలేను గానీ, ఇదీ ఒక కారణమని రాసిస్తానంది.

ఆ మాట వినగానే లాయరుగారు టేపులోంచి బయటపడ్డాడు. వేరే దేశాల్లో ఇలాంటి ప్యాకెట్ల కంపెనీల మీద పిల్లల తల్లిదండ్రులు కేసులు వేస్తున్నారని ఫోనులో చదివాడట. మనమెందుకు వేయకూడదన్నాడు. ఆయన జేబులో అప్పటికి సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ ఉంది. కొలత తీస్తున్నాను కదా, తగిలింది.

"అయితే ఒకటి. ఈ పాప అవి తిన్నట్టు రుజువుండాల. బిల్లులున్నాయా?"

"ఐదు రూపాయల ప్యాకెట్‌కి బిల్లు ఎవురిస్తారు సార్?" అన్నాను.

"అదే గదక్కా చిక్కు. మేం అమ్మినామని ఎవురు చెప్పినారు, అది మా సరుకేనని ఏంది రుజువు అంటారు వాళ్ళు."

నేను మిషన్ ఆపాను. "రుజువుండాది. చర్చిలో ఇనప పెట్టెలో ఉండాది" అన్నాను.

ఇక్కడ నా గొప్ప కొంచెం చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళుగా మా చర్చిలో సండే స్కూలు నాదే. మొదట్లో క్రిస్మస్‌కు గూడూరు నుంచి రంగుకాగితాలు తెచ్చి కట్టేవాళ్ళం. సముద్రపు తేమకు రెండు రోజుల్లోనే అవి తడిసి నీరసంగా వేలాడేవి. ఒక ఏడు మా అన్న కూతురు తిన్న రింగుల ప్యాకెట్‌ను చింపి చూస్తే లోపలంతా అద్దంలా మెరిసింది. తడవదు, చిరగదు. ఇక ఆగుతానా? పిల్లలందరి చేతా ఖాళీ ప్యాకెట్లు తెప్పించి, కడిగి ఆరబెట్టి, వెండి వైపు పైకి వచ్చేలా మిషన్ మీద కుట్టి పెద్ద నక్షత్రం చేశాను. మిగతా కంపెనీల కవర్లు లోపల మసకగా ఉండేవి, అందుకని రింగులవే తెమ్మన్నాను. ఏటా చుట్టూ ఒక వరస కలిపేదాన్ని. ఆరో ఏటికి అది చర్చి తలుపులో పట్టలేదు. పాస్టరుగారు ఇంకో నలుగురిని పిలిచి దాన్ని చాపలా చుట్టించి లోపలికి తీసుకుపోవాల్సి వచ్చింది. అంతటితో పెంచడం ఆపేశాను. పక్క ఊళ్ళ సంఘాల వాళ్ళు వచ్చి చూసిపోయేవాళ్ళు. ఆ రోజుల్లో నాతో మాట్లాడటం కొంచెం కష్టంగానే ఉండేదని మా వదిన ఇప్పటికీ అంటుంది.

పది ఇళ్ళ బట్టలు కలిసిపోకుండా ఒక్కో ఇంటి బట్టకు ఒక్కో రంగు దారం ముడి వేసి పెట్టుకోవడం నాకు అలవాటు. పిల్లల కవర్లకూ అదే పద్ధతి పెట్టాను. ఏ పిల్ల తెచ్చిన కవర్లను ఆ పిల్ల రంగు దారంతో కుట్టేదాన్ని. మా అన్న కూతురిది నీలం.

ఆ సాయంత్రమే లాయరుగారు చర్చికి వచ్చాడు. పెట్టెలోంచి నక్షత్రాన్ని తీసి బెంచీల మీద పరిచాం. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, బెంచీల కింద పాక్కుంటూ, ఫోను లైటు వేసి, కవర్ల వెనకవైపు అచ్చువేసిన తేదీలూ బ్యాచి నంబర్లూ గట్టిగా చదువుతున్నాడు. "ఒకటే కంపెనీ అక్కా! ఆరేళ్ళు!" అని కింద నుంచి ఒకటే కేకలు. వెతికిన చోటల్లా నీలం కుట్లే కనబడుతున్నాయి. పాస్టరుగారు మాత్రం దిగులుగా నిలబడి, ఇది సంఘం ఆస్తి, క్రిస్మస్ లోపల తిరిగి ఇస్తారా అని అడుగుతున్నాడు.

బెంచీ కింద నుంచి బయటికి వచ్చి, మోకాళ్ళు దులుపుకుంటూ లాయరుగారు అడిగాడు. "ఇంతకీ ఈ రంగులెందుకు పెట్టినావక్కా?"

"ఎవురు ఎన్ని తెచ్చినారో తెలియాల గదా."

"తెలిసి?"

ఎక్కువ తెచ్చిన పిల్లకు క్రిస్మస్ నాటికలో దేవదూత వేషం ఇచ్చేదాన్నని చెప్పాను. తెల్ల గౌను, వీపున రెక్కలు, అన్నీ నేను కుట్టినవే. మా ఊళ్ళో ఆ రెక్కల కోసం ఏడవని ఆడపిల్ల లేదు. వరసగా ఆరేళ్ళు మా అన్న కూతురే దేవదూత. ఏటా ఆ గౌనును కూడా నేనే వదులు చేశాను. ఎదిగే పిల్ల కదా అనుకున్నాను. లాయరుగారి కోటు సంగతిలో బట్టను తిట్టి తప్పించుకోవచ్చు, ఈ గౌను సంగతిలో ఎవరిని తిట్టాలో నాకు తోచలేదు.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఆ పోటీ సంగతి మనం ఎత్తొద్దు. నువ్వే తినమన్నావని కంపెనీ లాయరు పట్టుకుంటాడు. పిల్లలు తిని పారేసిన కవర్లు ఏరి కుట్టినానని చెప్పు, చాలు. కేసు నిలిస్తే పాప వైద్యానికి దారి దొరుకుతాది. పోతే ఏమీ లేదు" అన్నాడు. నేను సరేనన్నాను. అంత త్వరగా సరేనన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

నిజానికి ఆయనకు చెప్పనిది ఇంకొకటి ఉంది. రెండో ఏడు పిల్లలు తెలివి మీరారు. అంగడి ముందు జనం పారేసిన కవర్లు ఏరుకొచ్చేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు రింగుల్ని కోళ్ళకు పోసి కవర్లు పట్టుకొచ్చారు. నాకు ఒళ్ళు మండింది. తిండిని పారేయడం పాపమని అరగంట ప్రసంగం చేశాను. తను తిన్న కవరే తేవాలని నియమం పెట్టాను. ప్రతి ఆదివారం వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి వేళ్ళు నా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేదాన్ని. మసాలా వాసన వస్తేనే ఆ కవరు లెక్క. నా అంత నిక్కచ్చి టీచరు ఈ మండలంలో లేదని నాకు ఎంత గర్వమో!

నెల తర్వాత అఫిడవిట్ మీద సంతకాలకు గూడూరు పోయాం. లాయరుగారి ఆఫీసు నిమ్మకాయల మార్కెట్ పక్క వీధిలో, మేడ మీద. కిటికీ తీస్తే లోపలంతా నిమ్మ వాసన. నా వాంగ్మూలం మూడు పేజీలు టైపు చేయించి ఉంచాడు. కళ్ళజోడు మరిచిపోయానని చెప్పి మా పిల్లను చదవమన్నాను. మరిచిపోలేదు, సంచిలోనే ఉంది. ఆ మాటలు నా కళ్ళతో చదివే ధైర్యం లేకపోయింది.

అది గట్టిగా చదువుతూ ఒక చోట ఆగింది. "'పిల్లలు తిని పారేసిన కవర్లను సేకరించి' అని రాసినారు సార్. మేమెప్పుడు పారేసినాం? ఒక్కటి కూడా పారేయలా."

"అది మాట వరసకు పాపా."

"లేదు సార్. ఆఖరి ఏడు నాకు పది కవర్లు తక్కువొచ్చినాయి. శనివారం మధ్యాహ్నం చర్చి మెట్ల మీద కూర్చుని పది ప్యాకెట్లూ తిన్నా. ఆరో దానికి కక్కుకున్నా. నోరు కడుక్కొని మిగతావి తిన్నా."

"ఆకలి లేకపోతే కవరు చించుకొని లోపలివి పారేయొచ్చు గదమ్మా!"

"అత్త వాసన చూస్తాది గదా సార్" అంది అది. ఫిర్యాదుగా కాదు. వాన వస్తే తడుస్తాం కదా అన్నంత మామూలుగా.

ఇన్నేళ్ళూ ఆ పిల్ల నాలుక చాపల్యంతో తిన్నదని నేనే పదిమందికీ చెప్పాను. మెడికల్‌లో వెనక్కి పంపిన రోజు కూడా, "నోరు కట్టుకోని ఉంటే ఇట్టా జరుగునా?" అని తిట్టాను. అది తల వంచుకుని హుక్కులు కుట్టుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు.

"లాయరుగారూ, ఆ పేజీ చింపేయండి. పోటీ పెట్టింది నేను, తినమన్నది నేను, వాసన చూసింది నేను. అట్టా రాస్తేనే సంతకం పెడతా" అన్నాను.

"అక్కా, కేసు పోతాది."

"పోతే పోనీండి సార్" అని నేను అనబోతుంటే, లాయరుగారు నమూనాకని టేబుల్ మీద పెట్టుకున్న రింగుల కవరొకటి మా పిల్ల తీసి ఆయన ముందు పెట్టింది. "ఎందుకు పోతాది సార్? మా అత్త దీన్ని తిండనుకునింది. అన్నం పారేస్తే తిట్టినట్టే తిట్టింది. ఇదేందో చేసినోళ్ళకు తెలుసు గదా. రోజూ పిల్లలకు పెట్టబాకండని యాడన్నా రాసినారా?"

ఆయన కవరు తిప్పాడు. ముందు వైపు ఎర్రటి టమాటా బొమ్మ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న పిల్ల బొమ్మ. వెనక వైపు చీమల బారులంత సన్నటి అక్షరాలు. కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి, చివరికి కిటికీ దగ్గరికి పోయి చదివాడు. తెలుగు ముక్క ఒక్కటీ లేదు. తర్వాత టైపు చేసే అమ్మాయిని పిలిచి, మొదటి నుంచి మళ్ళీ కొట్టమన్నాడు. ఈసారి నేను చెప్పింది చెప్పినట్టు రాయించాడు. వేళ్ళ వాసన దగ్గర మాత్రం, "ఇది కూడానా అక్కా?" అని అడిగాడు. అది కూడా అన్నాను.

కేసు ఇంకా నడుస్తోంది. కంపెనీ వాళ్ళు జవాబులో మొదటి పేజీ నుంచే నన్ను తిట్టారని లాయరుగారు చెప్పాడు. వాళ్ళు తిట్టినవాటిలో సగానికి పైగా నేను ముందే ఒప్పుకున్నవే. నక్షత్రం ఆ కాగితాలతో పాటు నెల్లూరు కోర్టులో ఉండిపోయింది. పాస్టరుగారు ఇప్పటికీ తారీఖులు అడుగుతూనే ఉన్నాడు. పోయిన క్రిస్మస్‌కు జాకెట్ గుడ్డ ముక్కలతో చిన్న నక్షత్రం కుట్టాను, తలుపులో సులభంగానే పట్టింది. దేవదూత వేషం చీట్లు వేసి తీశాం. మా పిల్ల మందులు వేసుకుంటోంది, పొద్దున్నే సముద్రం రోడ్డున నడుస్తోంది. మేకుకున్న ఆ చుడీదార్లను ఇప్పటికి రెండుసార్లు బిగువు చేశాను. లాయరుగారి కోటు మాత్రం మొన్న నాలుగోసారి వచ్చింది.

సంతకాలైన రోజు తిరుగు బస్సులో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. కండక్టరు టికెట్లు కొట్టిపోయేదాకా నేను దాని ముఖంలోకి చూడలేదు. "తప్పు నాదేనమ్మా" అన్నాను, కిటికీ వైపు చూస్తూ. అది కుడి చెయ్యి చాపి, వేళ్ళు నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడత్తా. బస్టాండులో నువ్వు టికెట్ల కోసం పోయినప్పుడు ఏం తిన్నానో చెప్పు."

వద్దన్నా వినలేదు, చూడాల్సిందేనంది. చూశాను. నిమ్మకాయ, ఉప్పు, బస్టాండులో కవర్లో పోసి అమ్మే కీరదోసకాయ ముక్కలు. "ఈ కవరు లెక్కలోకి వస్తాదా రాదా?" అని అది పకపకా నవ్వుతుంటే ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నాకు ఏడుపొచ్చింది. ఆ చేతిని అలాగే పట్టుకుని మా ఊరి స్టాపు దాకా కూర్చున్నాను.