జారుబండ గారి హెల్మెట్ల బల్ల

మా మావయ్య చేతిలో ఏ వస్తువూ నిలవదు. పుట్టినప్పుడే ఆ చేతులకి నూనె రాసి పంపినట్టున్నారు. ఉప్పు డబ్బా అందిస్తే ఉప్పు వంటింటి నేలకి, కొత్త ఫోను కొనిస్తే దానికి మెట్లన్నీ పరిచయం. పెళ్లినాడు అత్తయ్య వేలికి తొడగబోయిన ఉంగరం కూడా జారి కుర్చీల కిందకి దొర్లిపోతే, రెండు వైపుల చుట్టాలూ మోకాళ్ల మీద పాకుతూ వెతికారట. “వియ్యాలవారు అంత తొందరగా కలిసిపోయిన పెళ్లి నేను మళ్లీ చూళ్లేదు” అంటుంది మా అమ్మ. చెల్లెలు కదా, అన్నయ్యని వెనకేసుకు రావాలి మరి.

ఎందుకు పడేశావని మాత్రం ఆయన్ని అడగకూడదు. ఎక్కడలేని పౌరుషం వస్తుంది.

“నేనెందుకు పడేస్తాను? అదే జారింది” అంటాడు.

“గాజు గ్లాసుకి కాళ్లున్నాయా జారడానికి?” అంటుంది అత్తయ్య.

“కాళ్లుంటే నిలబడేదిగా!”

ఇక అత్తయ్య చీపురు తెచ్చుకుంటుంది. వాళ్లింట్లో గాజనేది కిటికీలకి తప్ప ఎక్కడా మిగల్లేదు. అవైనా గోడకి బిగించి ఉండబట్టి బతికాయి.

అలాంటి మనిషికి ఉద్యోగం కార్ల రేసులు జరిగే ట్రాక్‌లో. మొదట టైర్ల దగ్గర వేశారు. ఒక టైరు ఆయన చేయి జారి, వాలులో దొర్లి, సరాసరి రేసు జరుగుతున్న దారిలోకి దిగి రెండు కార్లని దాటేసింది. జనం చప్పట్లు కొట్టారు. అధికారులు కొట్టలేదు. తర్వాత పెట్రోలు దగ్గర వేసి, మధ్యాహ్నానికే తీసేశారు. చివరికి అప్పటి మేనేజరుకి ఒక ఆలోచన తట్టింది. “హెల్మెట్లు తనిఖీ చేసే బల్ల దగ్గర వెయ్యండి. దెబ్బలు తట్టుకోడానికే కదా వాటిని చేసేది!” అన్నాడు.

“పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందట” అని డ్రైవర్లు గొణుక్కున్నారు. కొన్నాళ్లకి ఆయనకి జారుబండ అని పేరు పెట్టారు. చాటుగా కాదు, ఎదురుగానే, ‘గారు’ తగిలించి మరీ. “జారుబండ గారూ, కాస్త మెల్లిగా పట్టుకోండి” అంటే ఆయన “అలాగేనండీ” అని వినయంగా అందుకునేవాడు. నేను ఆ బల్ల దగ్గరే ఆయన పక్కన కూర్చునేదాన్ని. చూసిన హెల్మెట్లకి పాస్ స్టిక్కరు అంటించడం, జారినవాటిని రిజిస్టరులో రాయడం నా పని.

ఆ మేనేజరుకి తెలియని ముక్క ఒకటుంది. రేసు హెల్మెట్ దెబ్బ తట్టుకుంటుంది, కాని ఒక్కసారే. పైన కార్బన్ పోగులతో చేసిన గట్టి చిప్ప ఉంటుంది. లోపల మందంగా ఫోమ్ ఉంటుంది. తలకి తగలాల్సిన దెబ్బని ఆ ఫోమ్ తను నలిగిపోయి మింగేస్తుంది. నలిగింది దిండులా మళ్లీ పొంగదు. పైన చూస్తే పెళ్లికొడుకులా మెరుస్తూనే ఉంటుంది గాని, రెండో దెబ్బకి దాన్ని నమ్ముకుంటే నెత్తిన గిన్నె బోర్లించుకున్నట్టే.

అందుకని మా ట్రాక్‌లో ఒక నియమం. గట్టి నేల మీద పడ్డ హెల్మెట్ మళ్లీ తలకెక్కకూడదు. తనిఖీలో మా చేతి నుంచి పడితే, ట్రాక్ వాళ్లే గోదాములోంచి కొత్తది తీసివ్వాలి. ఇంకో నియమం కూడా ఉంది. పైన సొట్ట లేకుండా, గడువు తేదీ దాటకుండా ఉంటే, ఆ హెల్మెట్‌ని తిప్పి పంపే అధికారం మాకు లేదు. లోపలి ఫోమ్ సంగతి తెలియాలంటే కోసి చూడాలి. కోశాక బాగుందని చెబితే డ్రైవరు ఊరుకుంటాడా?

మావయ్య తనిఖీ చూడ్డానికి సరదాగా ఉండేది. పుచ్చకాయ బేరమాడుతున్నట్టు హెల్మెట్‌ని వేలి కణుపులతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. తర్వాత చేతులు లోపల పెట్టి, కళ్లు మూసుకుని, బొటనవేళ్లతో అంగుళం అంగుళం నొక్కేవాడు.

“లోపల ఎవరైనా పలికారా మావయ్యా?” అనేదాన్ని.

“పలక్కపోతే దిగులే” అనేవాడు. అప్పుడప్పుడూ ఆ నొక్కుడు పూర్తయ్యాక హెల్మెట్ టప్పున నేల మీదుండేది.

వారమంతా పాల వ్యాను నడిపి, ఆదివారం రేసు కారెక్కే ఒకాయన హెల్మెట్ అలాగే జారింది. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

“ఏవండీ, పదేళ్లుగా పాల సీసాలు మోస్తున్నాను. ఒక్కటి పడిందా?”

“సీసాకి మెడ ఉంటుందండీ, పట్టు దొరుకుతుంది. దీనికేదీ?”

పాలాయన ఉన్న తిట్లన్నీ తిట్టి, కొత్త హెల్మెట్ పెట్టుకుని, అద్దంలో నాలుగు వైపులా చూసుకుని మరీ వెళ్లాడు. నేను రిజిస్టరు తీశాను. సిగ్గుతో నా తలే వంగిపోయింది. మావయ్య మాత్రం హాయిగా టీ తాగుతున్నాడు. సగం చొక్కా మీద.

ఇలా నడుస్తుండగా కొత్త మేనేజరు వచ్చాడు. ఈయన రిజిస్టర్లు చదివే రకం. మూడో రోజే బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“ఆరేళ్లలో పదకొండు హెల్మెట్లు పడేశారు. ఆరేళ్లలో ఇక్కడ ప్రమాదాల్లో పాడైనవి నాలుగే. అంటే రేసు కన్నా మీరే ప్రమాదం!”

“పడేయలేదు సార్, అవే జారాయి.”

“ఇకమీద జారవు.”

జారకుండా ఆయన చేసిన ఏర్పాట్లు చూడాలి. బల్ల చుట్టూ నాలుగడుగుల మేర మెత్తటి రబ్బరు చాప పరిపించాడు. దాని మీద గుడ్డు పడినా బతుకుతుంది. బల్ల అంచులకి ఉయ్యాలకి కట్టినట్టు కంచె కట్టించాడు. మావయ్య చేతులకి రబ్బరు బొడిపెల గ్లౌజులు తొడిగించాడు. గోడకి ఒక బోర్డు తగిలించాడు. ‘హెల్మెట్ జారక నేటికి ఇన్ని రోజులు’ అని. రోజూ అంకె మార్చే పని నాకు అప్పగించాడు. అన్నీ అయ్యాక, “ఇంకొక్కటి పడిందా, మీరు ఇంటికి వెళ్లిపోవచ్చు” అన్నాడు.

“ఆ గ్లౌజులు ఇంటికి తేకూడదూ, నాలుగు గాజు గ్లాసులు కొనుక్కుంటాను” అంది ఆ సాయంత్రం ఇంట్లో సంగతి విన్న అత్తయ్య. నేను నవ్వాను. మావయ్య నవ్వలేదు.

“రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. ఈ బల్ల దగ్గర్నుంచి తీసేస్తే నన్నింకెక్కడ నిలబెడతారే?” అన్నాడు. ఆ మాటకి నాకు నిజంగా జాలేసింది. ఈయన చేతులకి ప్రపంచంలో ఉన్న చోటు అదొక్కటే.

తొంభై రోజులు ఒక్కటీ జారలేదు. తొంభై ఒకటో రోజు శనివారం. మర్నాడే పెద్ద రేసు. టైలరు గారమ్మాయి హెల్మెట్ పట్టుకుని వచ్చింది. వాళ్లమ్మ కుట్టుమిషను మీద ట్రాక్‌లో సగం మంది డ్రైవర్ల దుస్తులు కుడుతుంది. ఈ పిల్ల ఆ మిషను పక్కనే పెరిగి, కార్ల మీద మనసు పడి, మొదటిసారి పెద్ద రేసుకి ఎంపికైంది. హెల్మెట్ సెకండ్‌హ్యాండుది. దాని మీద తనే దారం ఉండల బొమ్మలు వేసుకుంది. ముచ్చటగా ఉంది.

మావయ్య కణుపులతో కొట్టాడు. చేతులు లోపల పెట్టాడు. ఎడమ చెవి వెనక భాగానికి వచ్చేసరికి ఆగాడు. మళ్లీ నొక్కాడు. గ్లౌజులు తీసి ఇంకోసారి నొక్కాడు.

“దీన్నెప్పుడైనా కింద పడేశావా తల్లీ?”

“నేనా! పసిపిల్లలా చూసుకుంటున్నా అంకుల్. అమ్మినాయన కూడా కొత్తదాన్లా ఉందన్నాడు.”

“ఇంకోటి ఉందా ఇంటి దగ్గర?”

“హెల్మెట్లు రెండేసి ఉండడానికి నాకేమన్నా రావణాసురుడిలా పది తలలున్నాయా?” అని నవ్వేసింది.

వెనకే నిలబడ్డ మేనేజరు హెల్మెట్ తీసుకుని తిప్పి చూశాడు. “సొట్ట లేదు, గడువుంది. పాస్. స్టిక్కరు వేసెయ్యమ్మా” అన్నాడు నాతో. నేను స్టిక్కరు ఒలిచాను.

“ఒక్క నిమిషం సార్. వెలుతుర్లో ఓసారి చూస్తాను” అన్నాడు మావయ్య.

హెల్మెట్ రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని చాప మీద నడిచాడు. చాప అయిపోయింది. ఆగలేదు. సిమెంటు నేల మీద ఇంకో ఆరడుగులు నడిచి, గుమ్మం దగ్గర నిలబడి, ఎండకేసి పైకెత్తాడు. అందరం చూస్తూనే ఉన్నాం.

టప్.

హెల్మెట్ నుదుటి భాగం నేలకి కొట్టుకుని, రెండు మొగ్గలు వేసి, మేనేజరు బూట్ల దగ్గర ఆగింది.

“అదే జారింది” అన్నాడు మావయ్య.

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. “నా మీద మీకేం కోపం అంకుల్? నెల రోజులు కూర్చుని వేసుకున్నానా బొమ్మలు!” అంది. మేనేజరు ముఖం ఎర్రబడింది. “చాప దాటి మరీ వెళ్లి పడేశారు! మీకిదే ఆఖరి రోజు. ఈ అమ్మాయికి కొత్తది తెచ్చిచ్చి ఇంటికెళ్లండి” అన్నాడు.

మావయ్య గోదాములోంచి కొత్తగా వచ్చిన రకం తెచ్చాడు. ఉద్యోగం పోయినవాడు గబగబా ఇచ్చేసి పోతాడా? లేదు. ఆ పిల్ల మొహం పక్కకి తిప్పుకుని నిలబడితే, ఈయన చుట్టూ తిరుగుతూ పాఠం చెబుతాడు.

“చూడమ్మా, కళ్ల దగ్గర సందు ఇదివరకటి కన్నా సన్నం చేశారు. ఎగిరొచ్చిన ముక్క దూరకుండా పైన దిట్టమైన పట్టీ వేశారు. ఈ రెండు పట్టాలూ భుజాల మీది చట్రానికి తగిలించుకోవాలి. కారు ఠక్కున ఆగినా నీ తల ఎగిరి ముందుకి పోకుండా పట్టుకుంటాయి. ఈ దవడల దగ్గర మెత్తలున్నాయే, ప్రమాదమైతే వీటిని ముందు లాగేస్తారు. అప్పుడు మెడ కదలకుండా హెల్మెట్ ఊడొస్తుంది. వింటున్నావా?”

“వినట్లేదు.”

“పర్లేదు, అది పెట్టుకుంటే చాలు. గడ్డం కింద బెల్టు ఇంకాస్త బిగించు.”

బిగించుకుంది, కోపంగానే. మర్నాడు రేసులో అయిదోదిగా వచ్చింది. కారు దేన్నీ గుద్దుకోలేదు. ఆ కొత్త హెల్మెట్ మీద ఈగ కూడా వాలలేదు. “చాప దాటి వెళ్లి మరీ ఉద్యోగం పోగొట్టుకున్నావు కదా!” అని నేను ఆదివారమంతా మావయ్యని సాధించాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం మేనేజరు మా ఇద్దర్నీ, టైలరు గారమ్మాయినీ మరమ్మతుల షెడ్డుకి రమ్మన్నాడు. ఆ హెల్మెట్‌ని మెకానిక్ చేత నిలువునా కోయించాడు. “శుభ్రమైన హెల్మెట్ పాడుచేశారని కాగితం మీద పెట్టాలి. అందుకే ఇదంతా” అన్నాడు.

రెండు చెక్కలూ విడిపోయాయి. నుదుటి దగ్గర, శనివారం పడ్డ చోట, ఫోమ్ కొంచెం నొక్కుకుంది. ఎడమ చెవి వెనక మాత్రం ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. చిప్పకీ ఫోమ్‌కీ మధ్య బొటనవేలు దూరేంత ఖాళీ. ఆ పగుళ్లలో నల్లగా పాత దుమ్ము. ఎవరో పెద్ద ప్రమాదం చేసి, పైన రంగేసి అమ్మేశారు.

మేనేజరు వేలితో ఆ చోటు తడిమాడు. “ఇది మొన్నటి దెబ్బ కాదు” అన్నాడు మెల్లిగా. తర్వాత నాకేసి తిరిగి, “మిగతా పదకొండూ ఎక్కడున్నాయి?” అన్నాడు.

షెడ్డు అటక మీదే ఉన్నాయి. ఒక్కొక్కటీ దించాం, ఒక్కొక్కటీ కోశారు. పాలాయనది పగిలి ఉంది. ఇంకొకదాంట్లో ఫోమ్ పిండి పిండిగా రాలింది. పది కోయడం అయింది. పదికి పదీ ఎప్పుడో చచ్చిపోయిన హెల్మెట్లే. నాకు దుఃఖమూ, నవ్వూ కలిసి వచ్చాయి. ఆరేళ్లు పక్కనే కూర్చుని ఈయన కోసం సిగ్గుపడ్డానే!

“ఇదేదో ముందే చెప్పొచ్చు కదండీ” అన్నాడు మేనేజరు.

“కోయకుండా ఎవరు నమ్ముతారు సార్? నమ్మినా, కొత్తది కొనుక్కోలేక రేసు మానుకోవాలి, నలుగురిలో తలవంచుకోవాలి. అదే నా చేతిలో జారితే, నన్ను నాలుగు తిట్టి కొత్తది తలకెత్తుకుని పోతారు. ఇంట్లో ఎలాగూ అన్నీ జారతాయి. ఆ చెడ్డపేరు ఊరికే పోనివ్వడమెందుకని వాడుకున్నాను. తిట్లంటారా, మా ఆవిడ దగ్గర అలవాటైపోయింది.”

టైలరు గారమ్మాయి ముక్కు ఎగబీల్చింది. “ముందే తెలిస్తే మా అన్నయ్యది కూడా తెచ్చి మీ చేతికిచ్చేదాన్ని కదా అంకుల్!” అంది.

“రేపు తీసుకురామ్మా. ఈయన బల్ల దగ్గరే ఉంటారు” అన్నాడు మేనేజరు. “ఇకనుంచి మీకు అనుమానమొస్తే నాకు చెప్పండి చాలు, నేనే ఏదో సాకు చెప్పి కొత్తది ఇప్పిస్తాను. జారవిడిచే శ్రమ మీకొద్దు” అని మావయ్య చేయి పట్టుకుని ఊపాడు.

నేను కళ్లు తుడుచుకున్నాను. అంత గొప్ప మనిషి మా మావయ్య అని అప్పటికప్పుడు మా అమ్మకి ఫోను చేద్దామనుకున్నాను. ఇంతలో మెకానిక్ పదకొండోదాన్ని కూడా కోసి బల్ల మీద పెట్టాడు. అది ట్రాక్ యజమాని గారి అల్లుడిది, ఈ ట్రాక్‌లోకెల్లా ఖరీదైన హెల్మెట్. ఫోమ్ తెల్లగా, మందంగా, ఎక్కడా చిన్న గీత లేకుండా, నిన్ననే పోసినట్టుంది.

అందరం మావయ్య కేసి చూశాం. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల గోక్కున్నాడు.

“అదా సార్... అది మాత్రం నిజంగానే జారింది.”